మూడో నంబరు చుట్టూ సున్నా

ఇచినోమియా, ఏడో బ్లాకు,
ఏప్రిల్ 14

హత్సుమీకి,

చెర్రీ రేకులు మెట్ల కింద కాలవకు అడ్డంపడి నీళ్లు నిలిచిపోయాయి. ఈ మెట్లు వాడే మా ఇళ్లన్నిటికీ ఈ ఏడు పెద్దగా ఉన్న ఒగివారా గారు పొద్దున్నే చీపురు పట్టుకుని ఒక్కతే తోసింది. నేనూ దిగి సాయం చేయాల్సింది. కిటికీలోంచి చూసి, ఆవిడ తల ఎత్తేలోగా తెర వెనక్కి జరిగాను. చూసిందో, చూడలేదో. అప్పటినుంచీ అదే గుబులు.

నీకు రాయడానికి కారణం వేరే ఉంది. మంగళవారం, శుక్రవారం మా బ్లాకుల మధ్య ఖాళీ జాగాలోకి కూరల బండి వస్తుందని ఇదివరకు రాశాను కదా. కింద ఉన్న పెద్ద దుకాణం మూసేశాక మాకు అదే బజారు. ఆ బండి కంపెనీవాళ్లు అందరికీ ఒక కవరు పంపారు. అందులో ఒక చేతి తువ్వాలు ఉంది. ఊరికే ఇచ్చారనుకుని, మొహం కడుక్కుని తుడుచుకున్నాను. తర్వాత లోపల ఇంకా కాగితాలు కనబడ్డాయి. ముప్పై నాలుగు ప్రశ్నలు. దయచేసి జవాబులు రాసి పంపండి, తువ్వాలు మా కృతజ్ఞత అని. ముందే వాడేశాను హత్సుమీ. ఇప్పుడు రాయకపోతే దొంగతనం చేసినట్టే కదా.

ప్రశ్నలు చూస్తే బుర్ర తిరుగుతోంది. పాలు కొనేటప్పుడు ముందు వరుసలోది తీసుకుంటారా, వెనక చెయ్యి పెట్టి కొత్త తారీకుది లాగుతారా అని అడిగారు. నేను వెనకదే లాగుతాను. బండి నడిపే నుమాతా గారు అటు తిరిగినప్పుడు లాగుతాను. ఆవిడకు తెలిసిపోయిందా? ఎవరైనా చెప్పారా? ప్లాస్టిక్ సంచులు దాస్తారా, కొత్త రుచి వస్తే వెంటనే కొని చూస్తారా, మన దేశంలో పండిందైతే ధర ఎక్కువైనా కొంటారా అని కూడా ఉన్నాయి. వాటి కిందనే, మీ జీవితం మీకు తృప్తిగా ఉందా అని అడిగారు. పాలకూ జీవితానికీ మధ్య ఒక్క గీతే ఉంది.

ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి ఐదు దాకా నంబర్లు. నచ్చినదాని చుట్టూ సున్నా పెట్టాలట. ఒకటి చాలా అవును, ఐదు అస్సలు కాదు, మూడు ఏదీ చెప్పలేను. కాగితం మూల 0718 అని అచ్చు వేశారు. మాది ఏడో బ్లాకు. ఆ పద్దెనిమిది ఏమిటి?

ఉన్ని మిల్లు మానేశాక నువ్వు ఇరవై రెండేళ్లు ఇంటింటికీ తిరిగి ఇలాంటివే అడిగావు కదా. ఏ జవాబు రాస్తే సరిపోతుందో చెప్పు. నాకు తొమ్మిదో తరగతి పరీక్షే ఇంకా కలలోకి వస్తుంది.

ఒంట్లో జాగ్రత్త.
కినుయో


ఒసాకా, పెద్దల నివాసం, 206 గది,
ఏప్రిల్ 19

కినుయో అక్కా,

నీకు డెబ్బై తొమ్మిదేళ్లు వచ్చాయి కానీ, మిల్లు హాస్టల్లో వార్డెన్ అడుగుల చప్పుడు వినగానే దుప్పటి ముసుగేసుకునే బుద్ధి పోలేదు. ఇది పరీక్ష కాదు. సరైన జవాబు అంటూ లేదు. నీకు ఏది నిజమో అది రాయి. 0718 అంటే అచ్చు వేసిన వరస నంబరు, అంతే.

నిజం రాసేవాళ్లు తక్కువన్న మాట మాత్రం నిజమే. సంచులు దాస్తారా అంటే ఒకావిడ, అబ్బే, మాకు అలాంటి అలవాటు లేదండీ అంది. నా గొడుగు నీళ్లు కారుతోందని, పాపం, ఫ్రిజ్ పక్కనుంచి సంచి తీసి ఇచ్చింది. ఆ సంచి తీసిన మూట నా నడుమంత ఉంది. ఇంకో ఇంట్లో, ఏం కొనాలో ఎవరు నిర్ణయిస్తారని అడిగాను. ఆయన మా ఆవిడ అన్నాడు. ఆవిడ మా ఆయన అంది. లోపలి గదిలోంచి ముసలి గొంతు ఒకటి, నేను, అంది. నేను ఏ నంబరుకు సున్నా పెట్టాలి చెప్పు.

ఇక పాల సంగతి. అరవై మందిని అడిగితే యాభై మంది ముందు వరుసలోదే తీస్తామంటారు. మరి దుకాణంలో ఎప్పుడూ ముందు వరుసే ఎందుకు మిగులుతుంది? నువ్వు ఒక్కదానివే లాగడం లేదు, నిశ్చింతగా ఉండు.

ఒక్క మాట గుర్తుపెట్టుకో. నీ కాగితం నువ్వే రాయి. ఇరుగుపొరుగును అడగొద్దు.

ఇక్కడ అంతా బాగుంది. భోజనం వేళకు పెడతారు.

హత్సుమి


ఇచినోమియా,
మే 2

హత్సుమీకి,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అడిగేశాను. అడిగానని కూడా అనకూడదు, వాళ్లే వచ్చారు.

ఇంటింటికీ తిరిగే నోటీసుల అట్ట ఇవ్వడానికి ఒగివారా గారు పైకి వచ్చింది. చేతిలో తన కాగితం మడిచి ఉంది. "కినుయో గారూ, మీరేం రాశారో చూద్దామని కాదు కానీ, నాది మరీ వేరేగా ఉంటే బాగుండదు కదా" అంది. వెనకే మూడో అంతస్తు దంపతులు వచ్చారు. కింద వాటాలో ఉండే సకాకి గారు కళ్లజోడు మరిచిపోయానని, ఎవరైనా చదివి పెట్టమని వచ్చాడు. చివరికి మా మెట్ల మలుపులో పదిమందిమి నిలబడ్డాం. నేను టీ పెట్టాను. కప్పులు సరిపోక గిన్నెల్లో పోశాను. ఏమనుకున్నారో.

అన్నీ బాగానే జరిగాయి కానీ ముప్పై ఒకటో ప్రశ్న దగ్గర ఆగిపోయాం. ఈ బండి రావడం ఆగిపోతే మీకు ఇబ్బంది అవుతుందా అని.

మూడో అంతస్తు ఆవిడ, "ఇబ్బందే కదండీ" అని మెల్లగా అంది. వాళ్లాయన మోచేత్తో పొడిచాడు. "చాలా ఇబ్బంది అని రాస్తే, నుమాతా గారి మెడ మీద కత్తి పెట్టినట్టు ఉండదూ? ఆవిడకు అసలే నడుము నొప్పి. మన కోసం చచ్చేదాకా బండి తోలాలా?"

"అలాగని ఇబ్బంది లేదు అంటే?" అన్నాడు సకాకి గారు.

"ఛ, అది ఆవిడ మొహం మీద తలుపు వేసినట్టే" అంది ఒగివారా గారు.

తర్వాత ఒగివారా గారు, "మూడు ఉంది కదా" అంది. అందరి గుండె బరువూ దిగింది. పదిమందిమీ మూడుకే సున్నా పెట్టాం. సకాకి గారికి నేనే పెట్టిపెట్టాను. మాకు ఎదురు మెట్లవాళ్లు కూడా అదే పెట్టారని తర్వాత తెలిసింది. ఎవరికీ కష్టం కలగని జవాబు దొరికిందని ఆ రోజు హాయిగా ఉంది నాకు. నాకు హాయిగా ఉండడం ఎంత అరుదో నీకు తెలుసు.

తువ్వాలు ఊరికే ఉంచుకోవడం బాగుండదని, గిన్నెలు తోముకునే ఉన్ని అల్లిక ముక్కలు రెండు అల్లి కవర్లో పెట్టాను, ఎర్రదొకటి, పచ్చదొకటి. కవరు లావై పోస్టు డబ్బా నోట్లో పట్టలేదు. పోస్టాఫీసు కిటికీ దగ్గర ఇమ్మని ఒగివారా గారికే ఇచ్చి పంపాను. పేరు రాయనక్కర్లేదని ఉంది కానీ, ఎవరు పంపారో తెలియకపోతే వాళ్లు కంగారు పడతారని పేరు కూడా రాశాను. తప్పు చేశానా?

కినుయో


ఒసాకా,
మే 9

కినుయో అక్కా,

ఓసి పిచ్చి తల్లీ. అల్లిక ముక్కల సంగతి తర్వాత. ముప్పై ఒకటికి మూడు పెట్టావా? పదిమందీనా?

జవాబులు లెక్కపెట్టే బల్ల దగ్గర నేను కొన్నాళ్లు కూర్చున్నాను. అక్కడ ఏమవుతుందో చెప్తాను విను. ఒకటీ రెండూ కలిపి ఒక కుప్ప, నాలుగూ ఐదూ కలిపి ఇంకో కుప్ప. మూడుకు కుప్ప ఉండదు. బొమ్మ గీసేటప్పుడు దానికి బూడిద రంగు వేస్తారు. పైనున్న పెద్దాయన ఆ బొమ్మ చూసి అడిగేది ఒక్కటే మాట, "ఇబ్బంది అన్నవాళ్లు ఎందరు?" అని. బూడిద రంగు వైపు చూసేవాడు ఎవడూ ఉండడు.

మనవాళ్లు వద్దు అనలేక మూడు పెడతారు, కావాలి అనలేకా మూడే పెడతారు. ఆ రెండు రకాల మూడులూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. ఎంత చదువుకున్నవాడైనా వాటిని విడదీయలేడు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. బండి రాకపోతే బస్సెక్కి స్టేషను దగ్గర కొనుక్కోగలవా నువ్వు?

హత్సుమి


ఇచినోమియా,
జూన్ 20

హత్సుమీకి,

ఆలస్యానికి ఏమీ అనుకోవద్దు. వానలు మొదలయ్యాక గోడకు బూజు పట్టింది, దాన్ని తుడుస్తూ ఉన్నాను. బస్సు బాగానే ఉంది. అరగంటకొకటి వస్తుంది.

నోటీసుల అట్ట మీద ఫలితం వచ్చింది. రంగు కాగితం. బండి సేవ బాగుంది అన్నవారు నూటికి తొంభై నాలుగు. నుమాతా గారి మర్యాద బాగుంది అన్నవారు తొంభై ఏడు. బండి ఆగిపోతే ఇబ్బంది అన్నవారు నాలుగు. అందువల్ల సెప్టెంబరు ఆఖరుతో ఇక్కడి మజిలీ ఎత్తేస్తున్నాం, ఇన్నాళ్లూ ఆదరించినందుకు ధన్యవాదాలు అని. నువ్వు చెప్పినట్టే, బొమ్మలో పెద్ద బూడిద రంగు ముక్క ఉంది.

ఆ అట్ట నా దగ్గర రెండు రోజులు ఉండిపోయింది. పక్కింటికి ఇవ్వడానికి చేయి రాలేదు. తీరా ఇచ్చాక, అందరికీ తెలుసని తెలిసింది. ఒగివారా గారు, "ఎవరో అలా రాసుంటారు" అంది. ఎవరో ఏమిటి, మనమే కదా అనబోయాను. ఆవిడ కళ్లు చూసి మానేశాను. ఆ నాలుగు శాతం ఎవరో తెలుసుకోవాలని అందరికీ ఉంది. ధైర్యవంతులు అనాలో, సిగ్గులేనివాళ్లు అనాలో తేలక ఎవరూ అడగడం లేదు.

శుక్రవారం నుమాతా గారు బండి తలుపులు ఎత్తి అందరికీ వంగి దండం పెట్టింది. "మీకు అంత అవసరం లేదని తెలియక ఆరేళ్లు వచ్చి ఇబ్బంది పెట్టాను, క్షమించండి" అంది. వెక్కిరింపు కాదు హత్సుమీ. నిజంగానే అంది. ఆవిడ మెడ ఎర్రబడింది. మేం పదిహేనుమందిమి అక్కడ నిలబడి, అయ్యో, ఎంత మాట, మీకే శ్రమ అంటూ వంగుతూనే ఉన్నాం. ఎవరం ఒక్క ముక్క చెప్పలేదు. నేను టోఫు ఒకటి, ముల్లంగి సగం ముక్క కొన్నాను. ముందు వరుస పాలు తీసుకున్నాను. తారీకు ఎల్లుండితో అయిపోతుంది.

బాగుంది అన్న తొంభై నాలుగు మందీ, అక్కర్లేదన్నట్టు మిగిలిన తొంభై ఆరు మందీ ఒకళ్లే. ఇదెలా కుదిరిందో నాకు అర్థం కావడం లేదు.

కినుయో


ఒసాకా,
జూన్ 27

కినుయో అక్కా,

బస్సు బాగుందా అని నేను అడగలేదు. నువ్వు ఎక్కగలవా అని అడిగాను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నా యాభై ఒకటో ఏట, ఒక పేటలో స్నానాలశాల ఉంచాలా తీసేయాలా అని అడగడానికి పంపారు. నలభై ఇళ్లు. అందరూ మూడే. ఒక ముసలాయన తువ్వాలు భుజాన వేసుకుని, సబ్బు గిన్నె చేత్తో పట్టుకుని, అప్పుడే అక్కడికి బయల్దేరుతూ, "ఏదీ చెప్పలేనమ్మా, వాళ్ల వీలు" అన్నాడు. నేను మూడు అని రాసుకున్నాను. మాకు నియమం ఉంది, జవాబు మన నోటితో అందించకూడదని. కానీ, ఇంకోసారి అడగకూడదని ఏ నియమమూ లేదు. కాళ్లు నొప్పులు, ఇంకా పదకొండు ఇళ్లు ఉన్నాయి. అడగలేదు. ఆ శాల మూసేశారు. తర్వాత ఏడాది అదే వీధికి వేరే పని మీద వెళ్తే, ఆయన ఇంటి ముందు ప్లాస్టిక్ తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను గుర్తుపట్టి నవ్వాడు కూడా.

అందుకని నీకు దీనితో నలభై కాగితాలు పంపుతున్నాను. ఇక్కడి ఆఫీసు యంత్రంలో తీయించాను. ఒక్కటే ప్రశ్న. బండి కావాలా? ఒకటి కావాలి, రెండు అక్కర్లేదు. మూడు తీసేశాను. నువ్వు ఒక్కొక్కరి తలుపూ కొట్టి, మనిషి ఒంటరిగా ఉన్నప్పుడు అడుగు. అట్ట మీద మాత్రం తిప్పొద్దు.

హత్సుమి


ఇచినోమియా,
జూలై 25

హత్సుమీకి,

అట్ట మీదే తిప్పాను. తిట్టు, పడతాను.

ఫలితం ఇదీ. నలభైలో ముప్పై ఒకటి తిరిగి వచ్చాయి. ఆరుగురు ఒకటికి పెట్టారు. ఇద్దరు రెండుకు పెట్టి, పక్కన క్షమించండి అని రాశారు. ఒకరు రెండు నంబర్లకూ సున్నా చుట్టారు. తక్కిన ఇరవై రెండు మందీ ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న ఖాళీలో సున్నా పెట్టారు. లోపల ఏమీ లేని ఉత్త సున్నా. మూడో అంతస్తు ఆయన స్కేలు పెట్టి మధ్యన సరిగ్గా కొలిచి మరీ పెట్టాడు. కావాలి అన్న ఆరుగురిలో ఐదుగురివి ఆ తర్వాత కొట్టేసి మధ్యలోకి మార్చినట్టు ఉన్నాయి, అట్ట రెండోసారి తిరిగినప్పుడు మిగతావి చూశారు కాబోలు. ఒక్క సకాకి గారు మార్చలేదు. ఆయనకు కనబడలేదు.

నన్ను అడుగుతావు, నువ్వేం పెట్టావని. అట్ట నా దగ్గర మొదలైంది కదా, పైన నాదే ఉంటుందని భయపడి ఖాళీగా వదిలేశాను.

తలుపులు ఎందుకు కొట్టలేదో చెప్పాలి కదా. ఇన్నాళ్లూ దాచాను. నా కుడి మోకాలు వంగడం లేదు. మాది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. దిగడానికి పావుగంట, ఎక్కడానికి అరగంట పైనే. వారానికి రెండుసార్లు, బండి కోసం మాత్రమే దిగుతున్నాను. ఫిబ్రవరిలో ఆఖరుసారి బస్సెక్కాను. స్టేషను దగ్గర దిగలేకపోయాను. డ్రైవరు లేచి వచ్చి పట్టుకుని దించాడు. బస్సు నిండా జనం నా ఒక్కదాని కోసం ఆగారు. కూరలేమీ కొనకుండా టాక్సీలో తిరిగి వచ్చాను. ఆ తర్వాత మళ్లీ ఎక్కలేదు.

నగరపాలక సంక్షేమం అమ్మాయి వసంతంలో వచ్చి, ఇక ఒంటరిగా కష్టం, పర్వతాల వైపు వృద్ధాశ్రమం ఒకటి ఉంది, పేరు రాస్తానంది. బజారు పని నేనే చేసుకుంటున్నాను, ఏ ఇబ్బందీ లేదు అన్నాను. పేరైతే రాసింది కానీ, జాబితా చివర్లో రాసింది. బండి ఆగితే ఆ మాట అబద్ధమవుతుంది. ఈ గది నేను మిల్లు జీతంతో తీసుకున్నది. నలభై ఏడేళ్లు. ఇక్కడ ఏ మెట్టు ఎంత ఎత్తో నా కాలికి తెలుసు.

ఎండలు మండుతున్నాయి. నువ్వు నీళ్లు తాగుతున్నావా?

కినుయో


ఒసాకా,
ఆగస్టు 3

కినుయో అక్కా,

తిట్టడానికి కూర్చున్నాను. పెన్ను కదల్లేదు.

ఇక్కడ భోజనాల వాళ్లు కిందటి నెల మాకూ కాగితాలు పంచారు. మిసో పులుసు రుచి ఎలా ఉంది అని. ఉప్పు ఉండదు, వాసన ఉండదు, గిన్నె కడిగిన నీళ్లలా ఉంటుంది. రోజూ సగం పారబోస్తాను. ఏం పెట్టానో తెలుసా? మూడు. వడ్డించే ఆవిడ నా వెనకే నిలబడి ఉంది. ఇరవై రెండేళ్లు జనం చేత జవాబులు చెప్పించినదాన్ని.

కాబట్టి సలహా చెప్పే మొహం నాకు లేదు. అయినా ఒకటి చెప్తాను. అట్టకు చెప్పొద్దు, కంపెనీకి చెప్పొద్దు. నుమాతా గారికి ఒక్కదానికి, ఎవరూ లేనప్పుడు చెప్పు. ఆవిడ ఆరేళ్లు వచ్చి, తాను ఎవరికీ అక్కర్లేదని అనుకుంటూ వెళ్లిపోతుంది. అది మాత్రం న్యాయం కాదు.

హత్సుమి


ఇచినోమియా,
సెప్టెంబరు 12

హత్సుమీకి,

చెప్పాను. చెప్పడానికి ఐదు వారాలు పట్టింది.

మంగళవారం వాన. ఎవరూ దిగలేదు. నేను దిగేసరికి నుమాతా గారు తలుపులు దించేస్తోంది. నన్ను చూసి మళ్లీ ఎత్తింది. అయ్యో, వద్దులెండి అన్నాను. "ఏం కావాలమ్మా" అంది. వంకాయలు చూస్తూ, "మీరు రాకపోతే నాకు ఇబ్బంది" అన్నాను.

ఆవిడకు వినబడలేదు, వాన చప్పుడు. "వంకాయలా?" అంది.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. ఒకసారే గగనమైతే రెండోసారి చూడు. "మీరు. మీరు రాకపోతే. నేను బస్సెక్కలేను. మోకాలు పోయింది. మీరు రాకపోతే నేను ఈ ఇల్లు వదిలి పోవాలి."

ఆవిడ చేతిలో ఉన్న బుట్ట కింద పెట్టింది. నేను క్షమాపణ చెప్పబోతుంటే, "కంపెనీవాళ్లు మమ్మల్నీ అడిగారమ్మా" అంది. "బండి తోలేవాళ్లందరికీ కాగితం ఇచ్చారు. ఈ మజిలీ కొనసాగించాలని ఉందా అని. నేనూ మూడే పెట్టాను."

"ఎందుకండీ?"

"ఉంది అంటే నష్టమొచ్చినా పట్టుబట్టినట్టు ఉంటుంది. లేదు అంటే మీ అందరినీ వదిలించుకున్నట్టు ఉంటుంది. నాకు రెండూ రాయబుద్ధి కాలేదు. నాకు ఈ మజిలీ అంటేనే ఇష్టం. సకాకి గారు ప్రతిసారీ నట్టో గింజలు అని చెప్పి చేప పట్టుకెళ్తాడు, మళ్లీ తిరిగి తెస్తాడు. ఆ గొడవ లేకపోతే నాకు శుక్రవారం గడవదు."

ఇద్దరం వానలో నిలబడి ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం.

తర్వాత ఆవిడ ఒక సంగతి చెప్పింది. అందరి కోసం ఆగే మజిలీ ఎత్తేస్తారు, అది మారదు. కానీ దుకాణానికి వెళ్లలేని మనిషి ఎవరైనా తన పేరు మీద రాసిస్తే, ఆ ఒక్క మనిషి గుమ్మం దగ్గర వారానికొకసారి ఆగొచ్చట. నియమం ఉంది. ఈ ఆరేళ్లలో మా బ్లాకుల్లోంచి ఒక్కరూ అడగలేదట. పేరు, గది నంబరు, ఎందుకు వెళ్లలేరో కారణం, అన్నీ రాయాలని ఒక కాగితం ఇచ్చింది.

కారణం రాస్తే సంక్షేమం అమ్మాయికి తెలుస్తుందేమో. అప్పుడు ఆశ్రమం జాబితాలో నా పేరు పైకి పోతుంది. రాయకపోతే బండి లేదు, అప్పుడూ ఆశ్రమమే. ఇటు గొయ్యి, అటు నుయ్యి. మూడోదారి ఏదైనా ఉందేమోనని రెండు రోజులు ఆ కాగితాన్ని తిప్పి చూశాను. వెనక తెల్లగా ఉంది.

ఇవాళ పొద్దున రాశాను. "నాలుగో అంతస్తు. కుడి మోకాలు వంగదు. బస్సు దిగలేను. బండి రాకపోతే నాకు తిండి ఉండదు." ఇంకేమీ రాయలేదు. క్షమించండి అని రాయబోయి, జాగా లేక మానేశాను. నుమాతా గారు తీసుకెళ్లింది. ఆవిడ కూడా ఏదో రాసి దానికి కలుపుతానంది.

రాసి ఇచ్చేశాక ఇప్పుడు భయమేస్తోంది. వెనక్కి తెప్పించుకోవడానికి వీలవుతుందా?

కినుయో


ఒసాకా,
సెప్టెంబరు 15 (కార్డు)

అక్కా, వీలు కాదు. భయపడు, అది నీ ఇష్టం. కానీ భయపడుతూనే తిండి తిను. హత్సుమి.


ఇచినోమియా, ఏడో బ్లాకు,
అక్టోబరు 6

హత్సుమీకి,

ముందు సంక్షేమం అమ్మాయి సంగతి చెప్తాను. సోమవారం వచ్చింది. అంతా తెలిసే వచ్చింది. నేను వంగని కాలు పక్కకు చాపి, చాప మీద నుదురు ఆనించి, అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. ఆ అమ్మాయి నన్ను లేపింది, నేను లేవలేకపోతే ఇద్దరం పడబోయాం. "అమ్మమ్మగారూ, మోకాలి మాట వసంతంలోనే చెప్పి ఉంటే, మెట్ల కడ్డీలూ, ఇంటికొచ్చి పట్టీ వేసే మనిషినీ అప్పుడే పెట్టించేదాన్ని కదా" అంది. ఏ ఇబ్బందీ లేదన్నవాళ్లకు ఏం ఇవ్వాలో తన పుస్తకంలో లేదట. జాబితాలో పేరు అలాగే ఉంటుంది, కానీ ఇప్పట్లో పిలవరు. బండి గుమ్మం దగ్గరికి వస్తోంది కదా, ఇంకొన్నాళ్లు చూద్దాం అంది. ఎన్నాళ్లు అని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

నిన్న బండి వచ్చింది. ఖాళీ జాగాలోకి కాదు, సరిగ్గా మా మెట్ల కిందికి. ముందు అద్దం మీద ఆ రోజు ఆగే ఇళ్ల కాగితం అంటించి ఉంది. దాని మీద నా పేరు, నా ఇంటిపేరుతో సహా. ఎవరైనా చదువుకోవచ్చు. చూడగానే పైకి పారిపోదామనుకున్నాను. నేను పారిపోవాలంటే అరగంట పడుతుంది.

తల ఎత్తేసరికి అందరూ దిగి వచ్చారు. దగ్గరికి మాత్రం రాలేదు. సైకిళ్ల షెడ్డు దగ్గర ఆగిపోయారు, సంచులు వెనక దాచుకుని. ఒగివారా గారు ముందుకు వచ్చి, ఎప్పుడూ లేనిది, నాకు నడుము దాకా వంగింది.

"కినుయో గారూ, మీ బండి దగ్గర మేం కూడా కొంచెం కొనుక్కోవచ్చా అండీ?"

"నా బండి ఏమిటండీ" అన్నాను.

"మీ పేరు మీదే కదండీ వచ్చింది" అన్నాడు మూడో అంతస్తు ఆయన. "మేం రాయలేకపోయాం." ఆ మాట నేలకేసి చూస్తూ అన్నాడు. వాళ్లావిడ ఈసారి మోచేత్తో ఆయన్ని పొడిచింది, కానీ మెల్లగా.

"చేపలున్నాయా?" అని సకాకి గారు వెనకనుంచి అరిచాడు.

"మీకు నట్టో ఇస్తాను తాతగారూ, వరసలో రండి" అంది నుమాతా గారు.

వరస కట్టారు. నేను ఎప్పటిలాగే చివరకు వెళ్లి నిలబడ్డాను. ఎవరూ కదల్లేదు. నేను కొనకుండా వాళ్లు కొనరట. పద్నాలుగుమంది పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఆ దారెంట కాలీడ్చుకుంటూ ముందుకు నడవడం కన్నా బస్సులోంచి దిగడమే నయం అనిపించింది. ఎంతసేపు పట్టిందో. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ చెయ్యి అందించలేదు కూడా. ఊరికే నిలబడ్డారు.

"ఏం కావాలమ్మా?" అంది నుమాతా గారు.

ఇంట్లో రాసుకున్న చీటీ ఉంది నా దగ్గర. తీయడం మరిచిపోయాను. కళ్ల ముందు గుమ్మడికాయలు కనబడ్డాయి. గుమ్మడికాయ అన్నాను.

"పావు ముక్కా, సగమా?"

వెనక పద్నాలుగుమంది వింటున్నారు.

"మొత్తం" అన్నాను.

ఒగివారా గారూ, మూడో అంతస్తు ఆయనా ఆ గుమ్మడికాయను చెరోవైపు పట్టుకుని నాలుగు అంతస్తులూ మోసుకొచ్చారు, నా వెనక, నా నడకతోనే. ఇప్పుడది వంటింటి బల్ల మీద ఉంది. చాలా పెద్దది. తొక్క రాయిలా ఉంది, కత్తి దిగడం లేదు. ఎందుకు అలా అన్నానో నాకు తెలియడం లేదు. పొద్దుటినుంచి దానికేసి చూస్తూ కూర్చున్నాను. చాలా బాగుంది.

కినుయో